ఎనిమిది నోట్లు లెక్కపెట్టలేకపోతున్న అవ్వ గురించి: అనంతపురం జిల్లా అధికారులకు బహిరంగ లేఖ

వైద్య ఆరోగ్యం, గ్రామ వార్డు సచివాలయాలు, మున్సిపాలిటీలు, పంచాయతీలు చూసే అధికారులకు, జిల్లాలోని ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లకు, మందుల దుకాణాలవారికి,

నమస్కారం.

ముసలితనంలో మతి సన్నగిల్లడం గురించి ఒక కార్యాలయంలో రెండుసార్లు అర్జీ ఇచ్చాం. మొదటిదానికి ‘సంబంధిత విభాగానికి పంపడమైనది’ అని ఫోనుకు మెసేజీ వచ్చింది. రెండోదానికి ‘పరిష్కరించడమైనది’ అని వచ్చింది. ఈ మధ్యలో ఎవరూ మమ్మల్ని పిలిచి అడగలేదు, ఏ ఊరికీ పోయి చూడలేదు. అందుకే అదే సంగతిని ఇప్పుడు వివరంగా అందరి ముందూ పెడుతున్నాం.

పెద్దవాళ్ళు అడిగిందే అడుగుతుంటే మన దగ్గర చాదస్తం అంటారు. తెలిసిన దారిలో తప్పిపోతే వయసైపోయింది అంటారు. కోడలి మీద అనుమానపడి తిడితే గాలి సోకిందని తాయెత్తు కట్టిస్తారు. వీటిలో కొన్ని వయసుతో వచ్చే మామూలు మరుపే. కొన్ని డిమెన్షియా, అంటే మెదడు దెబ్బతిని రోజువారీ పనులు కూడా చేసుకోలేని జబ్బు. మరికొన్ని అచ్చం డిమెన్షియాలాగే కనిపిస్తాయి గానీ సరైన వైద్యం అందితే తగ్గిపోతాయి. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టి ముసలివాళ్ళను నులకమంచానికి వదిలేయడం వల్ల, తగ్గేవి కూడా తగ్గకుండా పోతున్నాయి.

దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని దేశవ్యాప్త సర్వే ఆధారంగా 2023లో ఒక అంచనా వచ్చింది. మగవాళ్ళకన్నా ఆడవాళ్ళలో, పట్టణాలకన్నా పల్లెల్లో ఎక్కువ. బడికి పోనివాళ్ళలో మరీ ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి అనంతపురం జిల్లా అక్షరాస్యత సుమారు 64 శాతం. అన్ని వయసులూ కలిపితేనే అంత. ఇప్పుడు డెబ్బై దాటిన ఆడవాళ్ళలో బడి ముఖం చూసినవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు. మూడు వందల మంది పెద్దవాళ్ళున్న ఊరికి పై లెక్కన ఇరవై ఇద్దరు వస్తారు. ఆ ఇరవై ఇద్దరి పేర్లు ఏ రిజిస్టరులో ఉన్నాయో చెప్పండి.

డిమెన్షియాను పూర్తిగా నయం చేసే మందు లేదు. అయితే లాన్సెట్ అనే వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో 14 కారణాలను గుర్తించి, వాటిని సరిచేయగలిగితే ప్రపంచం మీద దాదాపు 45 శాతం కేసులను రాకుండా ఆపవచ్చు లేదా వెనక్కు నెట్టవచ్చు అని లెక్కగట్టింది. ఇది అన్ని దేశాలకూ కలిపి వేసిన లెక్క, ఒక్కో మనిషికి ఇచ్చే హామీ కాదు. ఆ పద్నాలుగులో బీపీ, షుగరు, కొలెస్టరాలు లాంటివి డాక్టరు చేతిలో ఉన్నాయి. చదువు లేకపోవడం, చెవుడు, చూపు మందగించడం, ఒంటరితనం, గాలి కాలుష్యం, తలకు దెబ్బ, కదలిక లేకపోవడం మాత్రం ఊరు ఎలా ఉంది, వీధి ఎలా ఉంది, ఇల్లు ఎలా ఉంది అన్నదాన్నిబట్టి ఉంటాయి. అవి మీ శాఖల పని. ఈ లేఖ వాటి గురించే.

1. అడిగే ప్రశ్న ఆలస్యంగా అడుగుతున్నారు

ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఆరోగ్య వివరాలు అడిగి నింపే సీబ్యాక్ ఫారంలో 60 దాటినవాళ్ళను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ‘మీ దగ్గరివాళ్ళ పేర్లు గానీ, మీ ఇంటి చిరునామా గానీ మరచిపోతున్నారా?’ సొంత కూతురి పేరు మరచిపోయే దాకా వచ్చిందంటే జబ్బు అప్పటికే బాగా ముదిరినట్టు. పైగా ఆ ప్రశ్న అడిగేది మరచిపోతున్న మనిషినే. ‘లేదమ్మా’ అంటుంది. ఫారంలో ‘లేదు’ అని పడుతుంది. పని అయిపోతుంది.

ఈ జిల్లాలో పింఛను తీసుకునే ప్రతి ముసలి మనిషినీ నెలకోసారి కళ్ళారా చూసే ప్రభుత్వ ఉద్యోగి ఒక్కరే ఉన్నారు. ఒకటో తేదీన పింఛను ఇచ్చే సచివాలయ సిబ్బంది. నాలుగు వేలు, అంటే ఎనిమిది ఐదు వందల నోట్లు. వేలిముద్ర పడ్డాక నోట్లు చేతిలో పెడతారు. పోయినేడు అదే అవ్వ నోటు నోటునూ బొటనవేలితో తోసి, ఎనిమిదీ లెక్కపెట్టి, రెండు పక్కకు తీసి కొంగున ముడి వేసుకునేది. ఈ ఏడు నాలుగో నోటు దగ్గర ఆగి మళ్ళీ మొదటికి వస్తోంది, లేదా లెక్కపెట్టకుండానే మనవడి చేతికిచ్చేస్తోంది. ఏ ఫారమూ అవసరం లేని పరీక్ష ఇది. చూసే కన్ను ఉంటే చాలు.

ఇంట్లోవాళ్ళను అడగాల్సినవి నాలుగే. పోయిన ఏడాదితో పోల్చి అడగాలి, అదే ముఖ్యం. డబ్బు లెక్క తడబడుతోందా? పొయ్యిమీద పెట్టింది మరచిపోవడం, కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం జరుగుతోందా? రోజూ నడిచే దారిలో ఎప్పుడైనా తప్పిపోయారా? జవాబు చెప్పినా అదే ప్రశ్న గంటలో మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారా? రెండింటికి ‘అవును’ వస్తే పేరు రాసుకోవాలి. పింఛను రోజు సిబ్బందికి ఊపిరి సలపదని తెలుసు. ఆ రోజు పేరు పక్కన గుర్తు పెడితే చాలు, తీరిగ్గా కనుక్కునే పని తర్వాత ఆశా కార్యకర్త చేయవచ్చు.

ఇక్కడ డాక్టర్లకూ ఒక మాట. చదవడం, వాక్యం రాయడం, బొమ్మ గీయడం ఉన్న జ్ఞాపకశక్తి పరీక్షను బడికి పోని అవ్వకు పెడితే, మెదడు బాగున్నా తప్పుతుంది. హర్యానాలో బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురానివాళ్ళ కోసమే హిందీలో ఒక పరీక్షను తయారుచేసి 1990లలోనే వాడారు. హైదరాబాదు నిమ్స్ వైద్యులు ఇలాంటి పరీక్షలను తెలుగులోకి మార్చారు. అలాంటివి ఉండగా ఇంగ్లీషు కాగితాన్ని అప్పటికప్పుడు నోటితో తెలుగు చేసి మార్కులు వేయడం తగదు.

2. చెవి

లాన్సెట్ లెక్కలో చెవుడు వాటా 7 శాతం. చెడు కొలెస్టరాలుతో సమానంగా అన్నిటికన్నా పెద్ద వాటా అదే. వినబడనప్పుడు మెదడు ప్రతి మాటనూ ఊహించుకోవడానికే అలసిపోతుంది. నలుగురిలో కూర్చుంటే ఎగతాళి అవుతానని మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడు. చెవుడు అలా ఒంటరితనంగా మారుతుంది.

మొదట చూడాల్సింది గులిమి. ముసలివాళ్ళలో అది గట్టిపడి చెవి మొత్తం మూసుకుపోతుంది. పిన్నీసుతోనో అగ్గిపుల్లతోనో తీయబోతే ఇంకా లోపలికి పోతుంది. సోడా బైకార్బ్ చుక్కలు నాలుగైదు రోజులు వేసి మెత్తబరిచాక, ఒంటి వేడి ఉన్న నీళ్ళతో పిచికారీ చేసి తీయాలి. నీళ్ళు చల్లగా ఉన్నా ఎక్కువ వేడిగా ఉన్నా కళ్ళు తిరిగి పడిపోతారు. కర్ణభేరికి రంధ్రం ఉన్నవాళ్ళకు, చీము కారేవాళ్ళకు ఇది చేయకూడదు. అది తెలియాలంటే చెవి లోపలికి లైటు వేసి చూసే ఆటోస్కోపు పెట్టి చూడాలి, ఆటోస్కోపు ఏమంత ఖరీదైన వస్తువు కాదు. అరగంట పనితో ‘మతి తప్పిన’ తాత మళ్ళీ మాటల్లో పడిన సందర్భాలు చెవి, ముక్కు, గొంతు డాక్టర్లను అడిగితే బోలెడన్ని చెబుతారు.

గులిమి లేకపోతే గుసగుస పరీక్ష. మనిషి వెనకాల చెయ్యి చాపినంత దూరంలో, అంటే రెండడుగుల్లో నిలబడి, రెండో చెవి రంధ్రాన్ని వేలితో మూసి రుద్దుతూ, మూడు అంకెలు గుసగుసగా చెప్పాలి. తిరిగి చెప్పలేకపోతే ఇంకో మూడు. ఆరింటిలో మూడైనా సరిగ్గా చెప్పలేకపోతే వినికిడి పరీక్షకు పంపాలి.

తర్వాత మిషన్లు. పేద వృద్ధులకు చెవి మిషన్లు, కళ్ళద్దాలు, కట్టుడు పళ్ళు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే వయోశ్రీ పథకాన్ని కేంద్రం 2017 ఏప్రిల్ 1న మన రాష్ట్రంలోనే, నెల్లూరులో మొదలుపెట్టింది. ఇచ్చిన మిషన్లు ఎన్ని చెవుల్లో ఉన్నాయి, ఎన్ని ట్రంకుపెట్టెల్లో ఉన్నాయి అన్నది మా ప్రశ్న. పెట్టెలోకి పోవడానికి కారణాలు తెలిసినవే. చెవి కొలత తీసి అచ్చు చేయకుండా అందరికీ ఒకే సైజు బిరడా ఇస్తే మిషను కీచుమని కూస్తుంది. మొదటి వారంలో పళ్ళెం చప్పుడు కూడా పిడుగులా వినిపిస్తుంది, క్రమంగా అలవాటవుతుందని చెప్పేవాళ్ళు ఉండరు. చిన్న గుండీ బ్యాటరీ ఒకటి రెండు వారాల్లో అయిపోతుంది, పల్లెలో దొరకదు. ఆ బ్యాటరీ వెనక ఉండే అంటుకాగితం పీకిన క్షణం నుంచీ వాడకున్నా ఖర్చవుతుంది. పీకాక ఒక నిమిషం గాలి తగలనిచ్చి మిషన్లో పెట్టాలి. ఇంత చిన్న విషయం చెప్పక మిషను పనిచేయదని మూల పడేస్తున్నారు.

మిషను పెట్టగానే మతి బాగుపడుతుందని మేం అనడం లేదు. అమెరికాలో 70 నుంచి 84 ఏళ్ళ వాళ్ళు 977 మందితో చేసి 2023లో ప్రచురించిన పరీక్షలో అందరినీ కలిపి చూస్తే తేడా రాలేదు. మతి తగ్గే ప్రమాదం ఎక్కువగా ఉన్న గుంపులో మాత్రం మూడేళ్ళలో ఆ తగ్గుదల 48 శాతం నెమ్మదించింది. గుండెజబ్బు, షుగరు, బీపీ, చదువు లేకపోవడం ఒకే మనిషిలో కలిసి ఉండే మన పల్లెల్లో ఏ గుంపువాళ్ళు ఎక్కువో వేరే చెప్పాలా?

3. కన్ను

కంటివెలుగు పథకాన్ని 2019 అక్టోబరు 10న ప్రారంభించింది అనంతపురంలోనే. ఆ రోజుల్లో గుర్తించిన శుక్లాల్లో ఎన్నింటికి ఆపరేషను అయ్యిందో, రెండో కన్ను ఎంతమందికి మిగిలిపోయిందో జాబితా తీయండి. అమెరికాలో మూడు వేల మందికి పైగా వృద్ధులను ఏళ్ళ తరబడి గమనించగా, శుక్లం తీయించుకున్నవాళ్ళలో డిమెన్షియా దాదాపు 30 శాతం తక్కువ కనిపించింది. ఒక్క కన్ను చేయించి ‘ఇది చాల్లే’ అని ఊరుకోవడం ఇంటివాళ్ళ తప్పే. రెండోది గుర్తుచేయకపోవడం మన వ్యవస్థ తప్పు.

4. అరుగు పోయింది, మాట పోయింది

పిల్లలు బెంగళూరులో, ముసలివాళ్ళు ఊళ్ళో. కళ్యాణదుర్గం, రాయదుర్గం, ఉరవకొండ వైపు ఏ పల్లెకు పోయినా ఇదే. వానలు లేక, బోర్లు ఎండి వలసపోయిన ఇళ్ళకు తాళం పడుతుంది. లేదంటే ఆ ఇంట్లో ఒక్క అవ్వ మిగులుతుంది. ఒంటరితనం వాటా లాన్సెట్ లెక్కలో 5 శాతం. గాలి కాలుష్యంకన్నా ఎక్కువ. పిల్లలను వెనక్కు రప్పించమని మిమ్మల్ని అడగడం లేదు. ఉన్న నలుగురు ముసలివాళ్ళూ ఒకరినొకరు కలుసుకునే చోటును మీ పనులే తీసేస్తున్నాయి, అది ఆపమంటున్నాం.

సిమెంటు రోడ్డును చూడండి. పాత పొర తవ్వకుండా దాని మీదే కొత్త పొర పోస్తారు. రెండు మూడుసార్లు పోసేసరికి రోడ్డు గడప ఎత్తుకు వస్తుంది. వాన వస్తే నీళ్ళు ఇంట్లోకి. నీళ్ళు ఆపడానికి గడపకు అడ్డంగా సిమెంటు కట్ట కడతారు. దాన్ని దాటడానికి మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. ఇంటిముందు అరుగును కాలువ కోసం కొట్టేస్తారు. కాలువ మీద బండ వేయరు. సాయంత్రం అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళను పలకరించడం పనీపాటా లేని కాలక్షేపంగా కనిపిస్తుందేమో. ముఖం గుర్తుపట్టి, పేరు తలచుకుని, ఎవరి కొడుకో, ఏ ఊరి సంబంధమో వరస కలిపి, జవాబు చెప్పడం వరకూ ఆ పనిలో మెదడులోని చాలా భాగాలు కదులుతాయి. రోజుకు ముప్ఫైసార్లు జరిగే ఈ కసరత్తు ఒక్క టెండరుతో ఆగిపోతుంది.

అనంతపురం నగరంలో టవర్‌క్లాక్ నుంచి పాతూరు దాకా ఒక డెబ్బై ఏళ్ళ మనిషి నడిచి చూడాలి. కూర్చోవడానికి ఎక్కడ చోటుంది? మూత్రానికి ఎక్కడికి పోవాలి? ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశారు, మంచిదే. బస్సు మెట్టు మోకాలెత్తులో ఉంది, ఎక్కేలోగా కండక్టరు విజిలేస్తాడు. ఉచితం ఎవరికి అందుతోందో మెట్టే నిర్ణయిస్తోంది.

నలుగురినీ కూడగట్టే మార్గం విదేశాల నుంచి తెచ్చుకోనక్కర్లేదు. ఫిన్లాండులో 60 నుంచి 77 ఏళ్ళ వాళ్ళు 1,260 మందితో రెండేళ్ళు చేసిన పరీక్షలో తిండి, వ్యాయామం, మెదడుకు పని, బీపీ షుగరు గమనింపు నాలుగూ కలిపి చేయిస్తే మతి నిలబడటం మెరుగైందని 2015లో చూపారు. మన చెక్కభజనలో పాట గుర్తుంచుకోవాలి, అడుగు తప్పకూడదు, చెక్క మోత పక్కవాడితో కలవాలి. కాళ్ళు ఆడనివాళ్ళకు కూర్చుని భజన ఉంది. వామనగుంటలు, పులిజూదం ఉన్నాయి. కావలసింది గొడుగు నీడ, తాగే నీళ్ళు, దగ్గరలో మరుగుదొడ్డి, పిలిచే మనిషి.

ఇంకో సంగతి. నిమ్స్ వైద్యులు 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవాళ్ళకు జబ్బు సగటున నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే సంతలో కలగలిసే రాయదుర్గం లాంటి చోట్ల ఇది పెద్ద ఆస్తి. మాట్లాడేందుకు ఎదుట మనిషే లేకపోతే అది ఏం లాభం?

5. పొగ

దీపం పథకంలో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. వంట గ్యాసు మీదికి మారినా నీళ్ళ పొయ్యి మారలేదు. స్నానానికి నీళ్ళు కాచేది ఇప్పటికీ శెనగ పొట్టు, కంది కట్టె, కొన్నిచోట్ల ప్లాస్టిక్ సంచులు. చలి కాచుకుంటూ దాని ముందు కూర్చునేది ఇంట్లో పెద్దవాళ్ళే. ఆ పొగలోని సన్నని నుసి ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, రక్తనాళాల ద్వారా మెదడుకు చేటు చేస్తుంది. నీళ్ళ పొయ్యిని గోడ అవతలికి మార్చడం, గొట్టాన్ని పైకప్పుకన్నా రెండడుగులు ఎత్తుకు లేపడం, ప్లాస్టిక్ వేయకపోవడం ఇంటివాళ్ళు చేయగలరు. చెత్తకుప్పలు తగలబెట్టడం, తాడిపత్రి వైపు రాళ్ళు కోసే చోట్ల దుమ్మును నీళ్ళతో అణచకపోవడం మీరు చూడాల్సినవి.

6. ఎండాకాలం మతి తప్పడం

దీని గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలావరకు తప్పించగలిగింది ఇదే.

నెలలు, ఏళ్ళ మీద వచ్చేది డిమెన్షియా. ఒకటి రెండు రోజుల్లో వచ్చేది డెలిరియం. పగలంతా మగత, రాత్రంతా మేలుకోవడం, లేని మనుషులు కనబడటం, ఉదయం బాగుండి సాయంత్రానికి గుర్తుపట్టకపోవడం దీని లక్షణాలు. ఇది అత్యవసరం. అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మరుగుదొడ్డి పెరట్లో చీకట్లో ఉంటుంది. రాత్రి లేవాల్సి వస్తుందని అవ్వ మధ్యాహ్నం నుంచే నీళ్ళు తాగడం మానేస్తుంది. వయసుతో దాహం కూడా తక్కువే తెలుస్తుంది. బయట నలభై డిగ్రీలు దాటిన ఎండ, రేకుల ఇల్లు. పొద్దున వేసుకున్న బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ పోయించేది ఒకటి ఉంటుంది. మూడో రోజుకు ఒంట్లో సోడియం పడిపోతుంది, మూత్రంలో ఇన్ఫెక్షను మొదలవుతుంది, మాట తడబడుతుంది. నీరసమని ఊళ్ళో గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. ఉత్త గ్లూకోజు నీళ్ళు సోడియాన్ని ఇంకా పడేస్తాయి. అప్పుడు ఫిట్స్ వస్తాయి. సోడియం, షుగరు, మూత్రం, ఆక్సిజను, జ్వరం చూడకుండా సీసా పెట్టకండని ఆర్‌ఎంపీలకు చేతులెత్తి చెబుతున్నాం.

చేయాల్సింది కష్టమేమీ కాదు. గుండె, కిడ్నీ జబ్బులతో నీళ్ళకు లెక్క పెట్టినవాళ్ళు తప్ప మిగతావాళ్ళు రోజుకు ఏడెనిమిది గ్లాసులు తాగాలి, ఎక్కువ భాగం సాయంత్రం నాలుగింటి లోపే. రాగి అంబలి, మజ్జిగ ఆ లెక్కలోకే వస్తాయి. మంచం నుంచి దొడ్డిదాకా చిన్న లైటు, పట్టుకోవడానికి తాడో కమ్మీయో ఉండాలి. వేసవికి ముందు బీపీ మాత్రలను డాక్టరు ఒకసారి తిరిగి చూడాలి. ఇంట్లోవాళ్ళు సొంతంగా ఆపకూడదు.

7. మాత్రలు, రక్తలోపాలు, పడిపోవడం

జలుబుకిచ్చే సీపీఎం గోలీ, నరాల నొప్పికిచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుడుకిచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, నిద్రకిచ్చే ఆల్ప్రజోలం. ముసలివాళ్ళలో ఇవన్నీ మతిని మసకబారుస్తాయి, రెండు మూడు కలిస్తే మరీ. ఆల్ప్రజోలం హెచ్1 జాబితాలో ఉంది. చీటీ లేకుండా ఇవ్వకూడదు, అమ్మకం రిజిస్టరులో రాసి మూడేళ్ళు దాచాలి. ‘పాత చీటీయే కదా’ అని పదేళ్ళనాటి కాగితం మీద ఇవ్వడం మందుల దుకాణాలు మానుకోవాలి.

బీ12 లోపం, థైరాయిడ్ మందగించడం మతిమరుపును తెస్తాయి. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ వాడే షుగరు రోగుల్లో బీ12 తగ్గుతుంది. ఇవి రక్తపరీక్షతో తేలతాయి, మందుతో సరిదిద్దవచ్చు.

బైకు వెనక పక్కకు కూర్చుని జారిపడిన ఆమె లేచి నడిచింది కదా అని వదిలేస్తారు. రెండు నుంచి ఆరు వారాల తర్వాత తలనొప్పి, మగత, ఒక పక్కకు ఒరగడం, మాటల్లో తేడా మొదలైతే పుర్రె లోపల రక్తం నెమ్మదిగా చేరుతోందేమోనని సీటీ స్కాను తీయాలి. ఆ రక్తాన్ని సకాలంలో తీసేస్తే చాలావరకు మనిషి మామూలవుతుంది.

8. ఇంటిమీద పడే బరువు

మతి తప్పిన మనిషిని ఒంటరిగా వదలలేరు. కూలికి పోయే కోడలో కూతురో ఆగిపోతుంది. ఆ ఇంటికి ఒక కూలి పోతుంది, ఉపాధి హామీ పని దినాలు పోతాయి, ఆడపిల్ల చదువు మధ్యలో ఆగుతుంది. నిద్రలేక ఆమె కూడా రోగి అవుతుంది. ఇంకో చేదు సంగతి: నోట్లు లెక్కపెట్టలేని మనిషి చేత భూమి కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం సులువు. పింఛనుకు పడే వేలే దస్తావేజుకూ పడుతుంది.

ఇవన్నీ చెప్పింది మీకు తెలియక కాదు. వృద్ధుల ఆరోగ్య పథకం 2010-11 నుంచి ఉంది. దాని ప్రకారం పీహెచ్‌సీల్లో వారానికోసారి వృద్ధుల క్లినిక్, జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల, వృద్ధుల సంక్షేమ చట్టం 20వ సెక్షను ప్రభుత్వాసుపత్రుల్లో పెద్దవాళ్ళకు వేరే వరుస, వయసుతో వచ్చే జబ్బులకు వైద్యం విస్తరించడం గురించి చెబుతోంది. కొత్త చట్టం అడగడం లేదు.

అడుగుతున్నవి

1. పింఛను పంచే సిబ్బందికి మూడు నెలల్లో సగం రోజు శిక్షణ ఇవ్వండి. ఒకటో తేదీన పేరుకు గుర్తు పెట్టాలి, పదిహేను రోజుల్లో ఆశా కార్యకర్త నాలుగు ప్రశ్నలు ఇంటివాళ్ళను అడగాలి, నెలలోపు డాక్టరు చూడాలి. హఠాత్తుగా వచ్చిన మార్పయితే ఇవేవీ కాకుండా నేరుగా 108.

2. ప్రతి పీహెచ్‌సీలో వృద్ధుల క్లినిక్ వారంలో ఏ రోజో గోడ మీద పెయింటుతో రాయండి. అక్కడ ఆటోస్కోపు, చదువురానివాళ్ళకు పనికొచ్చే, ఇంగ్లీషు E అక్షరం ఎటు తిరిగి ఉందో చేత్తో చూపమనే కంటి చార్టు, తెలుగు జ్ఞాపక పరీక్ష ఉండాలి. హిమోగ్లోబిన్, షుగరు, సోడియం, క్రియాటినిన్, థైరాయిడ్, బీ12 పరీక్షలు ఉచితంగా చేయాలి. మందుల సంచి మొత్తం తెమ్మని చెప్పి ఏది ఆపవచ్చో చూడాలి.

3. ఇచ్చిన ప్రతి చెవి మిషనుకు రెండో వారంలో, ఆరో వారంలో తిరిగి చూపు. బ్యాటరీలు పీహెచ్‌సీలోనే దొరకాలి. పెట్టెల్లో ఉన్న మిషన్లను బయటికి తీయించి బాగుచేసే శిబిరం మండలానికొకటి.

4. ప్రతి సచివాలయ పరిధిలో వారానికి రెండుసార్లు, రెండేసి గంటలు, పెద్దవాళ్ళు కలిసే చోటు. రాలేనివాళ్ళను తీసుకురావడానికి ఒక ఆటో. చెక్కభజన నేర్పే గురువుకు గౌరవ వేతనం.

5. కొత్త పొర పోసేముందు పాత రోడ్డు తవ్వాలని ప్రతి టెండరులో రాయండి. కాలువ మీద ఇంటింటికీ బండ వేయాలి. బజారుల్లో వంద మీటర్లకొక బెంచీ: ఎత్తు 45 సెంటీమీటర్లు, వీపుకు ఆనుడు, లేవడానికి చేతిపట్టు. పాలరాతి దిమ్మె పోసి దాత పేరు చెక్కితే అది బెంచీ కాదు.

6. మార్చి మొదటి వారం లోపు ఒంటరిగా ఉండే వృద్ధుల జాబితా. ఏప్రిల్, మే నెలల్లో వారానికి రెండుసార్లు ఎవరో ఒకరు పోయి నీళ్ళు, మాట, మూత్రం మూడూ అడగాలి.

7. చూసుకునేవాళ్ళకు ఊపిరి పీల్చుకునే వీలు. ముందు అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రిలో ఒక్కో పగటి సంరక్షణ కేంద్రం, ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా. వృద్ధుల సహాయానికి 14567, మానసిక ఆరోగ్య సలహాకు 14416 నంబర్లు సచివాలయం గోడల మీద పెద్ద అక్షరాల్లో ఉండాలి.

8. మతి తప్పినట్టు గుర్తించిన మనిషి వేలిముద్రతో జరిగే భూమి రిజిస్ట్రేషనుకు ముందు డాక్టరు ధ్రువపత్రం అడిగేలా చూడండి.

మొదటి ఆరు నెలలు ఒక్క మండలంలో చేసి చూడండి చాలు. ఏ మండలమో మీరే ఎంచుకోండి. శిక్షణ పాఠం, ప్రశ్నల కాగితం, గుసగుస పరీక్ష నేర్పే పని మేం డబ్బు తీసుకోకుండా చేస్తాం.

జవాబు ఫోను మెసేజీగా వద్దు. ఏ అధికారి, ఏ మండలం, ఏ తేదీ అన్న మూడూ ఉన్న కాగితం కావాలి. వచ్చే నెల ఒకటో తేదీ లోపు పంపితే, ఆ రోజు పింఛను పంచేవాళ్ళతో పాటు మేమూ ఇళ్ళకు తిరుగుతాం.

ఇట్లు,
వృద్ధుల ఆరోగ్యం మీద పనిచేసే వైద్యులు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, విశ్రాంత ఉపాధ్యాయులు
అనంతపురం